కొండలోయ గుమ్మమున ఏ నాదము మ్రోగవలెను?

(అరకులోయ యువజనుల సభయందు చేసిన ఉపన్యాసము)



ప్రసార కార్యక్రమమునకు ముందు అరనిమిషము వినవచ్చు సంగీతమునుగూర్చి నేడు మాటలాడ నుంటిని. బాటలను, బడులను, వైద్యమునుగూర్చి విచారింపవలసిన మన్యసీమలో ఈ ముచ్చట యేలయని కొందఱకు శంక పొడమవచ్చును. ఇల్లు చూచి యిల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పినారు. ప్రసారమునకు ఆ అరనిమిష నాదమే గుమ్మము. లోనికి ఎవరిని పిలుచుచున్నారో, ఎవరిని బయట నిలిపినారో అదియే చెప్పును.

1982లో జపాను ప్రసార సంస్థయగు ఎన్.హెచ్.కె. తన విద్యా టెలివిజనునందు యువజనుల సంభాషణకై ఒక కార్యక్రమమును ప్రారంభించినది. దాని పేరు ‘యూ’, అనగా ‘నీవు’. 1987 వఱకు అది నడచినది. దానికి ముఖసంగీతమును కూర్చినవాడు ర్యూయిచి సకమొతో. ఈయన 1978లో వెలసిన ‘యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా’ అను మువ్వురి బృందములో నొకడు. స్వరముల స్థాయిని, నిడివిని అంకెలుగా మీటలపై నొక్కినచో వానిని జ్ఞాపకముంచుకొని వాద్యముచే పలికించు యంత్రమును ఆ బృందము వాడినది. పెద్దల హితబోధకు తగిన గంభీరవాద్యముగాక, ఆనాటి యువకుల చెవికి సొంతమైన ఎలక్ట్రానిక్ నాదమే వారిని పిలిచినది.

ఇది విని, అట్టి యంత్రము నొకటి కొని తెచ్చిన చాలునని మనము తలపరాదు. సకమొతో టోక్యో కళావిశ్వవిద్యాలయమున చదువుకొన్నవాడు. యంత్రసంగీతమునందు ఎంత ఆసక్తియో నానాజాతుల జానపద సంగీతమునందును ఆయనకు అంత ఆసక్తి. 1987లో వెలువరించిన ‘నియో జియో’ యందు ఒకినావా దీవుల గాయనులచే పాడించినాడు. యంత్రము క్రొత్తదే, చెవి మాత్రము దీవుల పాటకు దూరము కాలేదు.

మన దేశమున ఆకాశవాణియు 1969లో ఢిల్లీయందు యువవాణిని నెలకొల్పి యువకుల మాటకు చోటిచ్చినది. అంతకు ఎన్నియో యేండ్ల ముందే, తంబురా శ్రుతిపై వయొలిను పలుకు ఆకాశవాణి నాదము మన యిండ్లలో తెల్లవారుటకు గుఱుతైనది. దానిని కూర్చినవాడని ప్రసిద్ధుడగు వాల్టర్ కౌఫ్‌మన్, ఐరోపాలో యూదులకు నిలువ నీడ కఱవగుచున్న 1934లో బొంబాయి చేరినవాడు. ఆయన గోండుల పాటలను విని స్వరపఱచినాడు. బస్తరు గోండుల గీతములపై 1960లో వ్యాసము ప్రకటించినాడు. ఆ బస్తరు మనకు దూరమా? అరకు మీదుగా పోవు కిరండూలు రైలు మార్గము జగదల్పూరును దాటియే పోవును. గుమ్మపు నాదమును కూర్చిన ఈ యిరువురును కొండల పాటకు, దీవుల పాటకు చెవియొగ్గినవారే.

ఇక మన లోయ సంగతి. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మ్రోగగా ఒకరి నడుము నొకరు చుట్టి థింసా ఆడుట మన యూళ్ల సొత్తు. ఆ నాదమును నేడు చరవాణిలో పట్టుకొని, ముక్కలుగా కోసి, యంత్రమునకెక్కించి ఏ ప్రకటనకైనను గుమ్మము చేయుట క్షణములో పని. కొమ్ము ఊదినవాని యూపిరి లోకమంతట మ్రోగును. ఊదినవాని పేరుగాని, ఊరుగాని ఎవరికిని తెలియదు. యంత్రము దొంగ కాదు. దానికి అప్పగించువాని చేయి శుద్ధమా కాదా అనునదియే ప్రశ్న.

స్వదేశీ యుద్యమము మనకు నేర్పిన పాఠము ఇదియే. ఖద్దరు మనదైనంత మాత్రమున చాలదనియు, వడికినవారికి కనీసపు కూలి దక్కవలెననియు 1935లో అఖిల భారత చరఖా సంఘము తీర్మానించినది. నాదమునకును ఆ న్యాయమే వర్తింపవలదా? 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణ వాద్యకారునికి తన ప్రదర్శనపై హక్కు నొసగినది. 2012 నాటి సవరణ, వ్యాపారమునకు దానిని వాడినచో ప్రతిఫలము పొందు హక్కును, తన పేరు చెప్పింపగోరు హక్కును చేర్చినది. తాతలనాటి పాట ఏ యొక్కని సొత్తును కాకపోవచ్చును. దానిని నేడు వాయించిన చేతికి మాత్రము హక్కు కలదు.

కావున యువకులారా, మీటల వాద్యమును నేర్చుకొనుడు. దానితోబాటు ఊరి ముసలివాని యొద్ద కూర్చుండి తుడుము దెబ్బయు నేర్చుకొనుడు. ఆయన యనుమతితో ఆ నాదమును భద్రపఱచి, పేరు, ఊరు, తేది వ్రాసియుంచుడు. ప్రతి నొకదానిని మీ బడిలో నుంచుడు. దానిని కోరివచ్చువారిని మొదట అడుగవలసినది ఒక్కటే: వాయించినవాని కేమి ముట్టును?

జపాను యువకుని అతని కాలపు నాదము ‘నీవు’ అని పిలిచినది. మన కొండబిడ్డను పిలుచు నాదములో అతని తాత పేరుకూడ వినబడునట్లు చేయుట మీ వంతు.