పలకకున్న రక్షణ పనివారికీ ఉండాలి



పట్టాకు చెవి ఆనిస్తే దూరపు బండి చప్పుడు వినవస్తుందని మనలో చాలామంది ఎరుగుదురు. ఘనపదార్థాల లోపలే కాక, ఉపరితలాన్ని అంటిపెట్టుకొని కూడ అలలు సాగగలవని 1885లో లార్డ్ రేలీ గణితరీత్యా చూపించాడు. 1965లో అమెరికాలో వైట్, వోల్ట్‌మర్ అను శాస్త్రజ్ఞులు క్వార్ట్జ్ పలకపై దువ్వెన పళ్లవంటి లోహపు గీతలు వేసి, విద్యుత్తుతో అట్టి అలలను పుట్టించారు. ఆ గీతలకు ఇరువైపులా అలను వెనుకకు మరల్చే గీతల వరుసలను చేర్చితే రెజొనేటర్ అవుతుంది. రేడియో పరికరాల పౌనఃపున్యాన్ని అది నిలకడగా ఉంచుతుంది.

తగిన కోణంలో కోసిన క్వార్ట్జ్‌పై ఈ అల వేగం సెకనుకు సుమారు 3,158 మీటర్లు. 433.92 మెగాహెర్ట్జ్ కావాలంటే అలపొడవు దాదాపు 7.3 మైక్రాన్లు, గీత వెడల్పు అందులో నాల్గవ వంతు, అంటే 1.8 మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో ఇది సుమారు నలభయ్యవ వంతు! అల్యూమినియం పూతపూసి, కాంతితో నమూనా ముద్రించి, అక్కరలేని లోహాన్ని రసాయనాలతో తొలగిస్తారు. ఒక్క ధూళికణం పక్కపక్క గీతలను కలిపివేసినా పరికరం చెడవచ్చు.

అందుకే అక్కడి కార్మికులు ఆపాదమస్తకం ముసుగు ధరిస్తారు. కాని ఆ దుస్తులు పలకను మనిషి నుండి కాపాడుటకే! ఆమ్లాల, ద్రావకాల ఆవిరుల నుండి మనిషిని కాపాడుటకు గాలిని బయటికి లాగే యంత్రాలు, తగిన చేతితొడుగులు, శిక్షణ వేరుగా కావాలి. పలకకిచ్చే రక్షణ పనివారికీ ఇవ్వమనడం గొంతెమ్మ కోరిక కాదు, అది న్యాయం.