రేగడి నేలలో పెరటి తోట

గుంతకల్లునుండి రాయచూరు పోవు రైలులో ఆదోని దాటిన పిమ్మట, మంత్రాలయం రోడ్డు చేరకముందే కోసిగి స్టేషను వచ్చును. ఆ ప్రాంతపు నల్లరేగడి చేలు వేసవిలో నెర్రెలు విచ్చి కనబడును. మంచి వాన పడినచో ఆ మట్టియే చెప్పులకు అంటుకొని అడుగు సాగనీయదు. ఇట్టి నేలలో రెండేండ్లు బెండ, వంగ నాటి చూచిన ఇల్లాలు, ఇది పెరటికి పనికిరాదని విడిచిపెట్టుట కలదు. అయితే లోపము మట్టిది కాదు. మనము దానిని ముట్టుకొను వేళది.

రేగడిలోని బంకరేణువులు మిక్కిలి సన్ననివి. అవి నీరు పీల్చి ఉబ్బును, ఎండినచో కుంచించుకొనును. తడిమీద త్రవ్వినచో రేణువుల నడుమనుండు సందులు మూసుకొనిపోయి, ఆరిన పిదప ఇటుకలవంటి పెళ్ళలగును. బొత్తిగా ఎండిన నేల గడ్డపారకును లొంగదు. ఈ రెంటికి నడుమ వచ్చు కొలది దినములే పదును. పిడికెడు మట్టిని ముద్దచేసి బొటనవ్రేలితో నొక్కి చూడుడు. సాగినచో ఆగవలెను, పొడిపొడిగా విరిగినచో పార పట్టవచ్చును.

కొందరు ఇసుక తోలించి కలుపుదురు. నాలుగు బండ్ల ఇసుకతో బంకమట్టి గుణము మారదు. ఒక్కొక్కప్పుడు మరింత గట్టిపడును. ఆ సొమ్ముతో బాగుగ చివికిన పశువుల ఎరువును యేటేట వేయుట మేలు.

రేగడిలో నీరు మెల్లగా ఇంకును. నిలిచిన నీటిలో వేళ్ళకు గాలి ఆడదు. పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ, ఇట్టి నేలలకై ఎత్తుమడి, కాలువ కలిసి సుమారు 150 సెంటీమీటర్లు వచ్చు పద్ధతిని రూపొందించినది. పెరటికిని ఇది చక్కగా సరిపడును. కాలువలో నిలిచి పని చేయవలెను. మడిపై అడుగు మోపరాదు.

లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రము పచ్చగా నున్నచో, నీరు చాలలేదని ఇంకను పోయకుడు. సున్నపుపాలు హెచ్చుగా నున్న నేలలో ఇనుము మొక్కకు అందదు. అధికమైన తడి ఆ కొరతను పెంచును. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులపై చల్లవలెను.

ఈ సీమ రైతు సెప్టెంబరు, అక్టోబరు నెలలలో జొన్న, సెనగ విత్తి, పిదప వాన అంతగా లేకున్నను నేలలో దాగిన తేమతోనే పంట తీయును. పెరటిలోను ఆ తేమయే మన ధనము. వానలు వెనుకబట్టగానే పైమట్టిని గుల్లచేసి, మొక్కల మొదళ్ళలో జొన్నచొప్ప గాని, వేరుసెనగ పొట్టు గాని పరచినచో, నెర్రెలు తగ్గి తేమ నిలుచును. బిందె నీటికై దూరము నడచు ఇంట ఇది చిన్న లాభము కాదు. మోసి తెచ్చిన నీటితో గోరుచిక్కుడును, వంగను కొంత కాలము నిలుపుకొనవచ్చును. పదును తెలిసినవారికి రేగడి పగది కాదు, పొదుపరియైన చుట్టము.