ముందు కడగండి, ఏదీ పూయొద్దు
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈరోజు పెద్ద జబ్బుల గురించి మాట్లాడను. గంజి ఒలికినా, కొడవలి తెగినా, పురుగుమందు మీద పడినా ముందు ఏం చేయాలో చెబుతాను. చిన్న గాయమే కదా అనుకుంటాం. అది చీము పడితే కూలి పోతుంది, వైద్యానికి మళ్లీ అప్పు రాయించుకోవాలి. మన చేతులే మన పెట్టుబడి అమ్మా.

కాలితే మన ఇళ్లలో టూత్‌పేస్టు, సిరా, పసుపు పూస్తాం. ఇవేవీ వద్దు. లోపలి వేడి పోదు, పుండులో మురికి చేరుతుంది. కుళాయి కిందైనా, చెంబుతోనైనా 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయండి. ఐసు పెట్టొద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. బొబ్బలు చిదమొద్దు, ఒంటికి అంటుకుపోయిన గుడ్డ లాగొద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. అరచేయి కంటే ఎక్కువ కాలినా, ముఖం, చేతులు, మర్మస్థానాల దగ్గర కాలినా, కాలింది చంటిబిడ్డకైనా 108కి ఫోన్ చేయండి.

తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. మధ్యలో తీసి చూడొద్దు. నెత్తురు ఆగకపోతే అలాగే అదిమి పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. ఆగితే నీళ్లతో కడిగి కట్టు కట్టండి. మట్టి, పేడ తగిలిన గాయమైతే ధనుర్వాతం సూది కోసం పీహెచ్‌సీకి వెళ్లాలి.

కుక్క కరిస్తే కారం, సున్నం పెట్టొద్దు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. గాయం చిన్నదని ఊరుకోవద్దు. రేబిస్ వచ్చాక బతకడం దాదాపు ఉండదు. టీకా ముందే పడాలి.

పురుగుమందు ఒంటిమీద పడితే తడిసిన బట్టలు అప్పుడే విప్పేయాలి. సిగ్గుపడితే మందు ఒంట్లోకి దిగుతుంది. సబ్బుతో బాగా స్నానం చేయాలి. తల తిరిగినా, వాంతి వచ్చినా మందు డబ్బా తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక్క మిరప మంట లెక్కే వేరు. ఆ ఘాటు ఉత్త నీళ్లకు పోదు, నూనెలో కరుగుతుంది. కోతకు వెళ్లినా, తొడిమలు తీసినా చేతులకు కొంచెం వంటనూనె రాసి, తుడిచి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకోండి. కంట్లో పడితే మాత్రం నూనె వద్దు, మంచినీళ్లతోనే కడగాలి.

వచ్చే సంఘం సమావేశంలో పొదుపు లెక్కలయ్యాక ఈ మాటలు ఒకసారి చదివి వినిపించండి. రాని అక్కలకు ఇంటికెళ్లి చెప్పండి.