ప్రశ్న అదే, దారి వేరు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా ఫైళ్లు రాసినవాణ్ణి. దస్తూరి బాగుంటే బుద్ధీ బాగున్నట్టే అనుకునేవాణ్ణి. ఆ భ్రమ పోగొట్టినవాడు తాండూరులో ఉంటున్న మా మనవడు.

వాడు నాలుగో తరగతి. నోటితో అడిగితే లెక్క ఠక్కున చెబుతాడు. కాగితం మీద మాత్రం 21 కాస్తా 12 అవుతుంది. బద్ధకమనుకుని తప్పిన ప్రతి లెక్కా పదిసార్లు రాయించాను. ఒకనాడు నేను వికారాబాదు నుంచి వస్తున్నానని తెలిసి వాడు పక్కింట్లో దాక్కున్నాడు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పరీక్ష చేయించాక అభ్యసన వైకల్యమని తేలింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో దీని పేరే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఇదీ ఉంది. ఇలాంటి పిల్లలను త్వరగా గుర్తించి తగిన రీతిలో బోధించాలని 16వ సెక్షన్, పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడి వంటి సదుపాయాలు కల్పించాలని 17వ సెక్షన్ చెబుతున్నాయి.

ఇంట్లో మేం చేసింది చిన్న పనే. వాకిట్లో పరిచిన నాపరాళ్లలో ఒక బండ పదులకు, పక్క బండ ఒకట్లకు. పది కందిగింజలు ఒక కుప్ప. పదుల బండ మీద రెండు కుప్పలు, ఒకట్ల బండ మీద ఒక గింజ పెడితే 21. తర్వాత గళ్ల కాగితం మీద గడికొక అంకె. పది లెక్కలకు బదులు ఐదు. కొన్ని జవాబులు నోటితోనే.

చూపు మందగించిన పిల్లవాడికి పెద్ద అక్షరాలు కావాలి. వినికిడి తక్కువైతే ముఖం కనిపించేలా నిలబడి, బొమ్మలతో చెప్పాలి. మేధో వైకల్యముంటే పాఠాన్ని చిన్న ముక్కలు చేసి, కూడికలు చిల్లర డబ్బులతో నేర్పాలి. మన రాష్ట్రంలో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాదులో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. అడగడానికి మొహమాటం వద్దు.

"ఇది అందరికీ లేని వెసులుబాటు కదా?" అని ఒక మిత్రుడు అడిగారు. ఆఫీసుకు నడిచి రాలేని పింఛనుదారు ఇంటి నుంచే ఫోనులో జీవన ప్రమాణ పత్రం ఇస్తున్నారు. అంతమాత్రాన ఆయన బతికున్నది అబద్ధమవుతుందా? ప్రశ్న అదే, జవాబిచ్చే దారి వేరు.

మనకు తీరిక ఉంది. ఇంట్లోనో, వాడకట్టులోనో అలాంటి బిడ్డ ఉంటే రోజూ అరగంట పక్కన కూర్చోండి. మా మనవడు ఇప్పుడు నన్ను చూసి దాక్కోడు. గింజల డబ్బా పట్టుకుని ఎదురొస్తాడు.

సెలవు.