ఇంట్లోనే స్పాంజి ఫింగర్ బిస్కెట్లు



ఇంగ్లీషులో ఈ బిస్కెట్లను లేడీ ఫింగర్స్ అని కూడా అంటారు. ఆ మాట వింటే మనకు బెండకాయలే గుర్తొస్తాయి, అవునా? ఇవి వేలెడు పొడవున, పైన పంచదార కరకరలాడుతూ, లోపల దూదిలా గుల్లగా ఉండే బిస్కెట్లు. ఫ్రాన్సు, ఇటలీ సరిహద్దులోని సవోయ్ ప్రాంతం పేరు మీద ఇటలీలో వీటిని సవోయార్డి అంటారు. కాఫీలో ముంచి చేసే తిరమిసు అనే మిఠాయికి ఇవే ఆధారం.

వీటిలో వెన్న గాని, నూనె గాని, వంటసోడా గాని ఉండవు. మరి ఎలా పొంగుతాయంటారా? గుడ్డు నురుగులో చిక్కుకున్న గాలే వీటిని పొంగిస్తుంది. ఆ గాలి పోయిందా, గుడ్లూ పంచదారా దండగే. అందుకని పిండి కలపకముందే ఓవెన్ 180 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు వేడెక్కనివ్వండి, ట్రేలో బటర్ పేపరు పరచి పెట్టుకోండి.

కావలసినవి: గుడ్లు 3, పంచదార 75 గ్రాములు, మైదా 75 గ్రాములు, చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం, కొద్దిగా వెనిలా. పైన చల్లడానికి రెండు చెంచాల పంచదార పొడి.

గుడ్డు చల్లగా ఉన్నప్పుడు తెల్లసొన, పచ్చసొన తేలిగ్గా విడిపోతాయి. విడదీశాక ఒక అరగంట బయట ఉంచితే నురుగు బాగా వస్తుంది. తెల్లసొన వేసే గిన్నెకు జిడ్డుండకూడదు, పచ్చసొన చుక్క కూడా పడకూడదు. జిడ్డు తగిలితే ఎంత గిలకొట్టినా నురుగు నిలవదు. నిమ్మరసం, ఉప్పు వేసి గిలకొడుతూ, నురుగు వచ్చాక సగం పంచదారను కొంచెం కొంచెంగా చేర్చండి. కవ్వం పైకెత్తితే నురుగు కొన నిటారుగా నిలబడాలి.

మిగతా పంచదార, వెనిలా పచ్చసొనలో వేసి, రంగు పాలిపోయి చిక్కబడేదాకా గిలకొట్టండి. దీన్ని తెల్లసొనలో పోసి, మైదాను రెండు మూడు దఫాలుగా పైన జల్లించండి. ఇక్కడే జాగ్రత్త! గరిటె గిరగిరా తిప్పకండి. అడుగు నుంచి పైకి, దుప్పటి మడతపెట్టినట్లు నెమ్మదిగా కలపండి. పొడి పిండి కనపడకపోతే చాలు, ఆపేయండి.

ఈ పిండిని కాగితం పొట్లంలో పోసి, కొన అర అంగుళం కత్తిరించి, మూడంగుళాల గీతలు గీయండి. మధ్యలో అంగుళం ఎడం ఉండాలి. సుమారు 24 వస్తాయి. పంచదార పొడి చల్లి, అది కరిగాక మరోసారి చల్లండి. వెంటనే ఓవెన్‌లో పెట్టి 10 నుంచి 12 నిమిషాలు ఉంచండి. మధ్యలో తలుపు తీయకండి. అంచులు లేత గోధుమరంగుకు వస్తే అయినట్లే.

ఓవెన్ లేనివారు దిగులుపడనక్కరలేదు. పాత దళసరి గిన్నెలో ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడిచేయండి. అయితే అందులో ఒకసారికి ఏడెనిమిదే పడతాయి, మిగతా పిండి వాయి కోసం కాచుకుని ఉంటే చతికిలపడుతుంది. అందుచేత ఒక్క గుడ్డు, 25 గ్రాముల పంచదార, 25 గ్రాముల మైదాతోనే కలుపుకోండి. సన్నమంట మీద 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. పైన ఎర్రబడవు గాని రుచికి లోటుండదు.

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. వానాకాలం తేమకు మెత్తబడితే ఓవెన్‌లో ఐదు నిమిషాలు వేడిచేస్తే మళ్లీ గట్టిపడతాయి.

పళ్లులేని అత్తగారికో, తాతగారికో పాలలో ముంచి ఇస్తే ఇట్టే కరిగిపోతాయి. కాని నూనె లేదు కదా అని మధుమేహం ఉన్నవారికి పెట్టకండి. ఒక్కో బిస్కెట్టులో మూడు గ్రాములకు పైగా పంచదార ఉంటుంది. రెండేళ్లు నిండని పిల్లలకూ వద్దు. గుడ్డు పడనివారికి అసలే వద్దు. పచ్చి పిండిని పిల్లలు వేలితో నాకకుండా చూడండి, పచ్చిగుడ్డు వల్ల విరేచనాలు పట్టుకునే ప్రమాదముంది.

మొదటి వాయి కాస్త వంకరగా వచ్చినా ఫరవాలేదు. నురుగు నిలిస్తే చాలు, ఆకారం అదే చేతికి అలవాటవుతుంది. సెలవు.