సబరు ఎవరు చేయాలి?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



సబరు, ఈమాన్, దిల్ సఫాయి, వీటి మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్ములను కోరినారు. మేము ఉర్దూ పాఠాలు చెప్పుకొనేవాళ్ళము. ఐనా తెలుగులోనే మాట్లాడుతున్నాము. ఉర్దూ చదవగలిగిన పిల్లలు చేతులెత్తండి అంటే ఈ సభలో ఎన్ని చేతులు లేస్తాయో పెద్దలకు తెలియనిది కాదు. పైగా దీన్ మాటలు తెలుగులో చెప్పటం కొత్త కాదు. చిలుకూరి నారాయణరావు గారు ఎప్పుడో ఖురానును తెలుగులోకి తెచ్చినారు, వారు ముస్లిము కూడా కారు.

సబరు అంటే మన ఇళ్ళలో "నోరు మూసుకొని పడి వుండు" అనే అర్థం స్థిరపడిపోయింది. అరబీలో ఆ మాటకు ఆపుకొనుట, బిగబట్టుట అని అర్థము. ఉలమాలు దానిని మూడు విధాలుగా చెప్పినారు. అల్లాహ్ ఆజ్ఞ మీద నిలబడటంలో సబరు, పాపానికి చెయ్యి చాచకుండా ఆపుకోవటంలో సబరు, ఆపద వచ్చినప్పుడు సబరు. మనము మొదటి రెండూ వదిలేసి మూడవదాన్ని పట్టుకున్నాము. అదీ ఎక్కువగా ఎదుటివాళ్ళకు చెప్పడానికే.

యాకూబ్ అలైహిస్సలాం సంగతి చూడండి. యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి ఆయన కళ్ళు తెల్లబడ్డాయని ఖురాన్ చెబుతున్నది. ఏడ్చినందుకు ఆయన సబరు పోలేదు. తన బాధ అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు, అంతటితో ఊరుకోక, వెళ్ళి యూసుఫ్‌ను వెతకండని కొడుకులను పంపినారు. కన్నీళ్ళూ వున్నవి, దువా వున్నది, ప్రయత్నమూ వున్నది. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం గారు పసివాడైన కుమారుడు ఇబ్రాహీం పోయినప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆయన ఏడుగురు సంతానంలో ఆరుగురు ఆయన కళ్ళ ముందే పోయినారు. సమాధి దగ్గర ఏడుస్తున్న ఒక స్త్రీని సబరు చేయమంటే, ఆయనెవరో తెలియక ఆమె కసురుకున్నది. ఆయన కోపగించలేదు. ఆమె తరువాత ఇంటికి వస్తే వాకిట కాపలావాడు కూడా లేడు. అప్పుడు చెప్పినారు, సబరంటే మొదటి దెబ్బ తగిలినప్పుడు చూపేదని.

మన విశాఖకు అటువంటి మొదటి దెబ్బ 2014 అక్టోబరు 12న తగిలింది. హుద్‌హుద్ తుఫాను. చెట్లు, స్తంభాలు కూలిపోయి ఊరంతా చీకటి. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోను లేదు. ఆ రోజుల్లో పాలు, తాగునీరు రెట్టింపు ధరకు అమ్మినవాళ్ళున్నారు. తమ నూతి నీళ్ళు వీధి వీధికంతా వూరికే ఇచ్చినవాళ్ళూ వున్నారు. రెండు రకాలవాళ్ళూ నమాజీలలో వున్నారు, నమాజు తెలియనివాళ్ళలోనూ వున్నారు.

ఇప్పుడు దిల్ సఫాయి మాటకు వస్తాము. సముద్రపు గాలికి మన కిటికీ ఊచలు ఎలా అవుతాయో మీకు తెలుసు. తుప్పు గీకకుండా రంగు వేస్తే ఆరు నెలలకే పొంగి ఊడిపోతుంది. పోర్టులో, ఉక్కు ఫ్యాక్టరీలో పని చేసినవారికి ఇది మేము చెప్పాలా! మనుషులు చేసిన పనులే వాళ్ళ గుండెలకు తుప్పులాగా పట్టినవని ఖురాన్‌లో వున్నది. అది ఏ సూరాలో వున్నదో గమనించండి. అల్ ముతఫ్ఫిఫీన్. అనగా తూకంలో దగా చేసేవాళ్ళు. తాము తీసుకొనేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ళ గురించి ఆ సూరా మొదలవుతుంది. గుండె తుప్పు సంగతి తస్బీహు దగ్గర కాదు, త్రాసు దగ్గర ఎత్తుకున్నారు.

త్రాసు అంటే కిరాణా కొట్టువాడి వంక చూడకండి. నిఖా ఇంట్లో కూడా వున్నది. జోడే కీ రకం నిండుగా లెక్కపెట్టించుకుంటాము, బండి అడుగుతాము, ఫర్నిచరు అడుగుతాము. మహరు మాత్రం కాగితం మీద వుండిపోతుంది. ఎందరో భర్తల జనాజా దగ్గర భార్య చేత మహరు మాఫ్ చేయిస్తారు. ఆ ఘడియలో ఆ తల్లి కాదనగలదా? 1961 నాటి వరకట్న నిషేధ చట్టము మహరును కట్నం లెక్కలో చేర్చలేదు. జోడే రకానికి అటువంటి మినహాయింపు లేదు, షరీఅత్‌లో దానికి పేరే లేదు. ఇక తండ్రి ఆస్తిలో కూతురి వాటా సూరా నిసాలో స్పష్టంగా వున్నది. అన్నదమ్ములు రంజానుకు చీర పెట్టి ఆ వాటా సంగతి మరిపిస్తారు. అడిగిన చెల్లెలిని దురాశాపరురాలంటారు.

ఆ అమ్మాయి అత్తింటి బాధలు పడలేక పుట్టింటికి వస్తే అప్పుడు మనకు సబరు గుర్తుకు వస్తుంది. "సబర్ కరో బేటీ" అని ఆటో ఎక్కించి పంపేస్తాము. సాబిత్ బిన్ ఖైస్ గారి భార్య ప్రవక్త గారి వద్దకు వచ్చినది. భర్త దీన్‌లో గాని, నడతలో గాని లోపం లేదు, కాని కలిసి వుండలేనని చెప్పుకున్నది. ఆమెను సబరు చేయమని వెనక్కి పంపలేదు. మహరుగా ఇచ్చిన తోట తిరిగి ఇస్తావా అని అడిగినారు, ఇస్తానన్నది, విడిపించినారు. ఈ కథనంలో కొట్టినాడని కూడా ఫిర్యాదు లేదు. మరి దెబ్బలతో వచ్చే బిడ్డలకు మనమెందుకు సబరు బోధిస్తున్నాము?

సబరు చేయవలసింది అక్కడ మగపెళ్ళివారు. అడగాలనిపించినప్పుడు నాలుక బిగబట్టటం, అది రెండవ రకం సబరు. కష్టమే. పక్కింటివాడికి ఇంత ముట్టిందట అని విన్న తరువాత మరీ కష్టము. ఈమాన్ అక్కరకు రావలసింది అక్కడే.

సంఘం వారికి మాది ఒక్క మనవి. ఈ ఏడాది నుంచి మన సంఘం సభ్యుల ఇళ్ళలో జరిగే నిఖాలలో మహరు అక్కడికక్కడే సభలో చేతికిప్పించండి. తగవు పట్టుకొని ఏ బిడ్డ అయినా వస్తే ఇద్దరు పెద్దలు, వారితో ఒక చదువుకున్న తల్లి కూర్చొని ముందు ఆమె చెప్పేది పూర్తిగా వినండి. ఒప్పుకొనేవారు సభ అయిన వెంటనే కార్యదర్శి గారి దగ్గర పేర్లు రాయించగలరు. పుస్తకం బల్ల మీదనే వున్నది.