అభయం ఎవరికి?



హిందీ నుండి తెలుగులోకి అనువాదం చేసే నాకు కొన్ని పదాలు ఏ శ్రమా లేకుండానే దాటివస్తాయి. 'అభయారణ్యం' అటువంటిది. రెండు భాషలలోనూ అదే మాట, అదే అర్థం: భయం లేని అడవి. అయితే రాజస్థాన్‌లోని సరిస్కా వృత్తాంతం చదివిన తరువాత, ఆ అభయం ఎవరికి అన్న ప్రశ్న నన్ను విడువలేదు.

1972 గణన ప్రకారం మన దేశంలో మిగిలిన పులులు సుమారు 1,800. ఆ సంవత్సరమే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న తొమ్మిది అరణ్యాలతో 'ప్రాజెక్టు టైగర్' ఆరంభమైంది. కొన్నేళ్లకు సరిస్కా కూడా అందులో చేరింది. అక్కడ పాదముద్రలను చూసి పులులను లెక్కించేవారు. 2004 నాటి లెక్కలలోనూ పులులు ఉన్నాయి. 2005లో వెదికితే అడవిలో ఒక్కటీ లేదు. దొంగవేటగాండ్రు చివరి పులి వరకు హతమార్చారు. కాగితం మీది పులికి మాత్రం ఏ ప్రమాదమూ కలగలేదు!

అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం నియమించిన కార్యదళం కాపలాలోని లోపాలతోపాటు మరొక సత్యాన్ని కూడా ఎత్తిచూపింది. అడవిలోని పల్లెప్రజలను పరాయివారిగా చూసినంతకాలం పులికి రక్షణ లేదు. తన పశువును పులి చంపినా, తనను అడవి నుండి వెళ్లగొట్టినా పలకరించే దిక్కు లేనివాడు వేటగాని జాడ ఎందుకు చెబుతాడు?

అటుపిమ్మట గణన పద్ధతి మారింది. మన వేలిముద్రల వలెనే ఏ రెండు పులుల చారలూ ఒక్క తీరున ఉండవు. అడవిలో అమర్చిన కెమెరాల ఛాయాచిత్రాలలో వాటిని గుర్తించి 2006లో వేసిన అంచనా 1,411. చేదైన సంఖ్యే అయినా, దానిని దాచకుండా ప్రకటించినందువల్లనే చికిత్స సాధ్యమైంది. 2022లో ఆ అంచనా 3,682కు పెరిగింది. సరిస్కాకు 2008లో రణథంభోర్ నుండి హెలికాప్టరులో పులిని తెచ్చారు. ఆ తరువాత మరికొన్ని వచ్చాయి. నేడు అక్కడ పులికూనలు పెరుగుతున్నాయి.

మన నల్లమలలో పులిజాడ ఎరిగిన చెంచులు అడవి కాపలాలో పాలుపంచుకుంటున్నారు. వారి అనుభవానికి గౌరవం, వారి జీవనానికి భద్రత కల్పించడం పులికి చేసే మేలే.

కనుక సోదరులారా, అభయారణ్యం అన్న మాటకు నేను నేర్చుకున్న అర్థం ఇది: పులికీ, దాని పొరుగున బ్రతికే మనిషికీ కూడా అభయమిచ్చే అడవి. ఆ ఇరువురిలో ఏ ఒక్కరు భయపడినా ఆ పేరు బోర్డు మీదనే మిగులుతుంది.